కనిపించని 26 మీటర్లు: ఒక బావి పునాది దింపిన అనుభవం

నదిపై కడుతున్న ఒక పొడవైన రోడ్డు వంతెనలో, ప్రవాహం నడుమ నిలవాల్సిన ఒక పియర్‌కు, అంటే వంతెనను మోసే స్తంభానికి, పునాది వేయించే బాధ్యతను ఉద్యోగంలో చేరిన రెండో ఏడాది నాకు అప్పగించారు. గడ్డర్ల గురించి, డెక్ శ్లాబు గురించి కళాశాలలో ఎంతో చదివాను గాని, దానికి పునాదిగా నిలిచే, 8 మీటర్ల వ్యాసం ఉన్న బోలు కాంక్రీటు బావిని ఇసుకలోకి నిలువుగా దింపడం ఎంత ఓపిక కోరే పనో నాకు అప్పటికి తెలియదు.

బావి ఎంత లోతుకు దిగాలన్నది వరదలో నది అడుగు ఎంత కోసుకుపోతుందన్న లెక్కపై ఆధారపడుతుంది. మీటరు వెడల్పుకు వచ్చే ప్రవాహాన్ని, అడుగున ఉన్న ఇసుక రేణువుల పరిమాణాన్ని తీసుకుని లేసీ సూత్రంతో కట్టిన సగటు కోత లోతు, మా పియర్ దగ్గర గరిష్ఠ వరద మట్టం నుంచి 12 మీటర్లు వచ్చింది. పియర్‌కు తగిలి సుడి తిరిగే నీరు అంతకంటే లోతుగా తవ్వుతుంది కాబట్టి దాన్ని రెట్టింపు చేసి 24 మీటర్లుగా లెక్కించారు. అంత కోత పడ్డాక కూడా బావికి మట్టిలో పట్టు మిగలాలి కాబట్టి మరో మూడో వంతు కలిపి, వరద మట్టానికి 32 మీటర్ల దిగువన పునాది ఉండాలని నిర్ణయించారు.

నీరు తగ్గిన కాలంలో ఇసుకతో దీవి కట్టి, దాని మీద నేలను కోసే ఉక్కు అంచును (కటింగ్ ఎడ్జ్) అమర్చి, బావి అడుగు వలయమైన కర్బ్ పోసి, ఆపైన 1.2 మీటర్ల మందం గల బావి చుట్టుగోడను (స్టైనింగ్) అంచెలంచెలుగా లేపాము. లోపలి ఇసుకను పంజాలా పట్టి తీసే గ్రాబ్‌తో తోడుతుంటే, బావి తన బరువుతో తానే దిగుతుంది. వరద మట్టానికి 6 మీటర్ల దిగువనున్న దీవి పైనుంచి మొత్తం 26 మీటర్లు దిగాలి. మొదటి 9 మీటర్లు ఏ ఇబ్బందీ లేకుండా గడిచాయి.

సుమారు 11 మీటర్ల దగ్గర, ఉదయం నాలుగు వైపులా తీసిన లెవల్స్‌లో ఒక అంచు ఎదుటి అంచు కంటే 154 మిల్లీమీటర్లు కిందికి ఉంది. రోడ్లు, వంతెనల ప్రమాణాలు రూపొందించే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ నిబంధన ప్రకారం బావి వాలు 80కి 1 దాటకూడదు. 8 మీటర్ల వ్యాసానికి అది 100 మిల్లీమీటర్లే. ఒక పక్క కటింగ్ ఎడ్జ్ కింద గట్టి బంకమట్టి పొర తగిలి బావిని పట్టుకుని నిలబెట్టగా, రెండో పక్క వదులు ఇసుకలోకి అది జారిపోయింది.

అప్పుడు నేను చేయబోయిన తప్పును ఇప్పటికీ మరచిపోలేదు. తర్వాతి అంచె స్టైనింగ్‌ను తూకపు గుండు ప్రకారం నిటారుగా పోయిస్తే బావి పైభాగమైనా సరిగ్గా ఉంటుందని భావించి షట్టరింగ్ (కాంక్రీటు పోసే అచ్చు) సర్దిస్తున్నాను. మా సీనియర్ ఇంజనీరు గారు వచ్చి ఆపించారు. "గోడ బావి వాలిన దారిలోనే లేవాలి, బాబూ. నువ్వు నిటారుగా పోస్తే, రేపు బావిని సరిచేశాక ఈ ముక్క రెండో వైపు వంగుతుంది. వంకర తిరిగిన బావిని ఎవరూ సరిచేయలేరు," అన్నారు. వాలిన బావిని నిలబెట్టవచ్చు గాని వంగిన బావిని నిలబెట్టలేమన్న తేడా నాకు ఆ క్షణంలో తెలిసింది.

ఆ తర్వాత 11 రోజులు ఎత్తుగా ఉన్న వైపే తవ్వాము. బంకమట్టి గ్రాబ్‌కు లొంగక గోడ కింద గట్టుగా నిలిచిపోవడంతో, పట్టాలతో చేసిన బరువైన ఉలిని పదే పదే జారవిడిచి దాన్ని పగలగొట్టాము. అదే వైపు పైన బరువులు పేర్చాము. పని త్వరగా సాగాలని లోపలి నీటిని తోడేస్తే బయటి నీటి ఒత్తిడికి ఇసుక అడుగునుంచి ఎగదన్ని బావి ఒక్కసారిగా కూరుకుపోవచ్చు కాబట్టి, లోపలి నీటిమట్టాన్ని బయటి మట్టం కంటే తగ్గనివ్వలేదు. పన్నెండో రోజు ఉదయం తేడా 73 మిల్లీమీటర్లకు, అంటే దాదాపు 110కి 1కి వచ్చింది. లోతు పెరిగేకొద్దీ చుట్టూ మట్టి బావిని బిగబట్టేస్తుంది కనుక, ఇదే వాలు 20 మీటర్ల దగ్గర బయటపడి ఉంటే ఈ ఉపాయాలు ఇంత పని చేసేవి కావు.

23 మీటర్ల దగ్గర బావి రెండు రోజులు అంగుళం కూడా కదలలేదు. వరదలు దగ్గర పడుతున్నాయి. గట్టి నేల తగిలింది కదా, ఇక్కడితో ఆపేద్దామన్న ప్రతిపాదన సమావేశంలో వచ్చింది. నేను దానికి ఒప్పుకోలేకపోయాను. అది నేల గట్టిదనం వల్ల కాదు, గోడ పొడవునా మట్టి రాపిడి వల్ల ఆగిందని గ్రాబ్ తెచ్చిన ఇసుకే చెబుతోంది. 3 మీటర్లు వదిలేస్తే, గరిష్ఠ కోత తర్వాత మిగలాల్సిన 8 మీటర్ల పట్టు 5కు పడిపోతుంది. పోర్చుగల్‌లో 2001 మార్చి 4న దౌరో నదిపై హింట్స్ రిబైరో వంతెన కూలి 59 మంది చనిపోవడానికి, ఏళ్ల తరబడి సాగిన ఇసుక తవ్వకాలతోనూ నీటి కోతతోనూ ఒక పియర్ పునాది ఆధారం కోల్పోవడమే కారణం. ఆ రోజు నేను మాట్లాడినది ఆ వంతెన గురించే. గోడ వెలుపల నీటి జెట్‌లు పెట్టి, పైన మరిన్ని బరువులు వేసి, చివరి 3 మీటర్లను 16 రోజుల్లో దింపాము.

తుది కొలతలో వాలు 140కి 1, అనుమతించిన 150 మిల్లీమీటర్లకు గాను పక్కకు జరిగినది 90. డైవర్లు అడుగును శుభ్రం చేశాక, గొట్టం మూతి ఎప్పుడూ తాజా కాంక్రీటులోనే మునిగి ఉండేలా చూసుకుంటూ ట్రెమీతో (నీటి అడుగున కాంక్రీటు పోసే గొట్టంతో) బావి అడుగును మూసే బాటమ్ ప్లగ్‌ను ఏకధాటిగా పోశాము. లోపల ఇసుక నింపి, బావి పైన కాంక్రీటు మూత (వెల్ క్యాప్) వేసి, పియర్‌ను వరద మట్టం దాటించేసరికి మొదటి వాన పడింది.

ఆ ఏడాది వరదలో పడవ మీద నుంచి లోతు కొలిపించాను. పియర్ ముందు నది అడుగు మామూలు మట్టం కంటే 9 మీటర్లు కిందికి పోయి ఉంది. వరద తగ్గాక మళ్లీ కొలిస్తే ఆ గుంట దాదాపుగా పూడిపోయి, అక్కడ ఏమీ జరగనట్టే చదునైన ఇసుక కనిపించింది.