రూటర్‌లో ఐదే పేర్లు

మాది అనంతపురంలో సప్తగిరి సర్కిల్ దగ్గర చిన్న సివిల్ ఇంజనీరింగ్ ఆఫీసు. మొత్తం 6 సిస్టంలు. నా పని డ్రాఫ్టింగ్. కానీ ప్రింటర్ మొరాయించినా, వైరు ఊడినా పిలుపు నాకే. మే నెలలో ఒక సాయంత్రం ఉరుముల వాన పడి, నా సిస్టంలోనూ ట్రైనీ అబ్బాయి సిస్టంలోనూ నెట్ పోర్టులు కాలిపోయాయి. బోర్డులు మార్చే ఖర్చెందుకని, యూఎస్‌బీకి తగిలించే లాన్ అడాప్టర్లు రెండు తెప్పించాం. రెండూ ఒకే రకం, ఒకే రోజు కొన్నవి. చౌక సరుకు.

గొడవ ఆ రోజే మొదలైందని ఇప్పుడైతే చెప్పగలను. అప్పుడు తెలియలేదు. డ్రాయింగ్ సేవ్ చేస్తుంటే నడుమ ఆగిపోయేది, రెండు నిమిషాలకు దానంతటదే వచ్చేది. బ్రాడ్‌బ్యాండ్ వాళ్లను తిట్టాం, వైర్లు మార్చాం, సిస్టంల వైర్లన్నీ వచ్చి కలిసే స్విచ్ పెట్టె కూడా కొత్తది కొన్నాం. ట్రైనీ అబ్బాయి సెలవు పెట్టిన రోజు మాత్రం నా నెట్‌కు ఏ రోగమూ ఉండేది కాదు. "నువ్వు రాకుంటేనే బాగుందప్పా" అని ఎగతాళి కూడా చేశాను. అసలు సంగతి నా నోటితోనే అన్నాను గానీ నా చెవికే ఎక్కలేదు.

జులైలో వైఫై పాస్‌వర్డ్ మార్చాలని రూటర్ పేజీ తెరిచాను. వైరుతో కలిసిన సిస్టంల జాబితాలో 5 పేర్లే ఉన్నాయి. తలెత్తి చూస్తే ఆరుగురూ పని చేసుకుంటున్నారు. నా పేరు లేదు. పేజీ మళ్లీ తెరిస్తే నా పేరు వచ్చింది, ట్రైనీది మాయం.

ఇద్దరం కమాండ్ ప్రాంప్ట్‌లో 'గెట్‌మ్యాక్' కొట్టాం. మ్యాక్ అడ్రస్ అంటే నెట్ కార్డుకు కంపెనీ వేసి పంపే 12 అంకెల గుర్తు. ఇందులో 0 నుంచి 9 దాకానే కాదు, ఎ నుంచి ఎఫ్ దాకా అక్షరాలూ అంకెల కిందే లెక్క. ఆ అబ్బాయి తన సీట్లోంచి గట్టిగా చదువుతుంటే నేను నా స్క్రీన్ మీద వేలు పెట్టుకుంటూ పోయాను. సగం దాకా కలిస్తే ఆశ్చర్యమేమీ లేదు, మొదటి 6 అంకెలు కంపెనీకి ఐఈఈఈ అనే అంతర్జాతీయ ఇంజనీర్ల సంస్థ కేటాయించేవి. తర్వాతవీ కలుస్తున్నాయి. చివరి అంకెకు వచ్చేసరికి "అక్కా, నువ్వు నాది చూస్తాండావా?" అన్నాడు.

ఆ చివరి 6 అంకెలతో ఒక్కో కేటాయింపు కింద 1,67,77,216 వేర్వేరు నంబర్లు వేసుకోవచ్చు. అయినా కొందరు చౌక తయారీదారులు సరుకంతటికీ ఒకే నంబరు కొట్టి పంపిస్తారు. ఒకటి అనంతపురంలో, ఇంకొకటి హిందూపురంలో ఉంటే ఎవరికీ ఏ నొప్పీ లేదు, ఆ నంబరు రూటర్ దాటి బయటికి పోదు. మా రెండూ ఒకే స్విచ్‌కు వచ్చి పడ్డాయి. ఫలానా నంబరు చివరిసారి ఏ పోర్టు నుంచి మాట్లాడిందో స్విచ్ గుర్తు పెట్టుకుని, దానికి వచ్చేవన్నీ ఆ పోర్టుకే పంపిస్తుంది. వాడు మాట్లాడితే నాకు రావలసినవి వాడికి పోయేవి. రూటర్ కూడా ఒకే సిస్టం అనుకుని ఇద్దరికీ ఒకే ఐపీ, అంటే నెట్‌వర్క్‌లో సిస్టంకు ఇచ్చే చిరునామా, ఇచ్చింది. ఐపీ రెండు చోట్ల ఉందని విండోస్ హెచ్చరిస్తుంది కదా అనుకుంటాం. ఆ హెచ్చరిక వేరే మ్యాక్ కనబడితేనే వస్తుంది. ఇక్కడ అది తన నంబరే చూసుకుని ఊరుకుంది.

మార్చడం ఐదు నిమిషాల పని. ట్రైనీ సిస్టంలో డివైస్ మేనేజర్, అడాప్టర్ ప్రాపర్టీస్, అడ్వాన్స్‌డ్ ట్యాబ్, అందులో 'నెట్‌వర్క్ అడ్రస్'. రెండో అంకె 2, 6, ఎ, ఇ లలో ఒకటి ఉండాలి, మనం సొంతంగా పెట్టుకున్న నంబరని దాని గుర్తు. నేను 02తో మొదలుపెట్టి మిగతావి నింపాను. అరగంట పింగ్ పెట్టి, అంటే చిన్న పలకరింపులు పంపిస్తూ జవాబు వస్తోందా అని చూశాను, ఒక్కటీ తప్పలేదు. సంబరంగా ఉగ్గాని బజ్జి తెప్పించుకున్నాం.

చేతులు కడుక్కుని వచ్చాక ట్రైనీ అన్నాడు: "అక్కా, లైసెన్స్ లేదంటాంది."

మా స్ట్రక్చరల్ డిజైన్ సాఫ్ట్‌వేర్‌కు మేం కొన్నది ఒక్క లైసెన్సే, నా సిస్టం మీద. లైసెన్స్ ఫైల్లో మ్యాక్ అడ్రస్ రాసి ఉంటుంది, సిస్టం నంబరు దానితో కలిస్తేనే ప్రోగ్రాం తెరుచుకుంటుంది. పాత పోర్టు కాలిపోయినప్పుడు డీలర్‌కు ఈ అడాప్టర్ నంబరే ఇచ్చి కొత్త ఫైలు తెప్పించాను. తర్వాత లైబ్రరీలు కావాలంటే ట్రైనీకి నా ఫోల్డర్ మొత్తం కాపీ చేసిచ్చాను. ఫైలూ దాంతోనే పోయింది. రెండు నెలలు వాడు హాయిగా వాడుకున్నాడు, సార్ ఇంకొకటి కొన్నారేమో అనుకున్నాడట.

సార్‌కు చెప్పడానికి కొంచెం బిక్కుబిక్కుమంది. "నిన్నటిదాకా తెరుచుకునింది గదమ్మా?" అన్నారు. పాత నంబరు పెట్టేసి, నెట్ వైరు పీకి వాడుకుంటే సరిపోతుందని ట్రైనీ ఉపాయం చెప్పాడు. నిజమే, తెరుచుకుంటుంది. సార్ ఒక నిమిషం ఊరికే ఉండి, "డిజైన్ల కింద సంతకం నాది గదప్పా" అన్నారు.

డీలర్‌కు ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన ఆశ్చర్యపోలేదు, ఊడదీసి జేబులో వేసుకోగలిగే అడాప్టర్ మీద మళ్లీ లైసెన్స్ తీసుకోవద్దని మాత్రం అన్నారు. రెండో లైసెన్స్ ధర విన్నాక సార్ కొనలేదు. ఉన్నదాన్నే కొంత డబ్బు కట్టి ఫ్లోటింగ్‌గా, అంటే ఆఫీసులో ఏ సిస్టం నుంచైనా వాడుకునేలా, మార్పించారు. పిడుగుకు కాలని అకౌంట్స్ సిస్టం బోర్డు నంబరు ఇచ్చాం, లైసెన్స్ ఇప్పుడు అక్కడ ఉంటుంది. ఒకసారికి ఒకరే తెరవాలి. ముందు తెరిచినవాళ్లది పైచేయి.

నేను టీ తాగడానికి లేస్తే చాలు, ఆ మూల నుంచి కేక వినబడుతుంది: "అక్కా, మూసినావా?"