ఫస్టియర్ మెమో ఎక్కడ?

పడుకుందామనే అనుకున్నా. తెల్లవారుజామున మూడున్నరకు క్లాసు, అమెరికా యూనివర్సిటీలో ఆన్‌లైన్‌గా చేస్తున్న గ్రాడ్యుయేట్ సర్టిఫికెట్ కోర్సుది. అక్కడ సాయంత్రం ఆరు, ఇక్కడ కోళ్ళు కూడా లేవవు. కానీ మధ్యాహ్నం మిల్లులో ఉండగా ఆ యూనివర్సిటీ ఆఫీసునుంచి వచ్చిన మెయిలు నిద్ర పోనివ్వట్లేదు.

"మీ బీటెక్ మొదటి సంవత్సరం మార్కులు మాకు అందలేదు. ఈ టర్మ్ పూర్తయ్యేలోపు పంపకపోతే తర్వాతి కోర్సుకు రిజిస్ట్రేషన్ ఆగిపోతుంది." మర్యాదగానే రాశారు. అందుకే ఇంకా మంట. తిట్టినట్టు రాస్తే నేనూ నాలుగు మాటలు రాసేవాణ్ణి.

నాకు మొదటి సంవత్సరమే లేదు. పాలిటెక్నిక్ మూడేళ్ళు చదివి, డిప్లొమావాళ్ళను బీటెక్‌లోకి తీసుకునే ఈసెట్ పరీక్ష రాసి, సీదా సెకండియర్‌లో కూర్చున్నవాడికి ఫస్టియర్ మెమో ఎక్కడినుంచి వస్తుంది? అప్లికేషన్‌లోనే ఈ సంగతి రాశా. చదివినట్టు లేరు. పోనీ, ఇక్కడ నేను బీటెక్ చేసిన యూనివర్సిటీవాళ్ళే ఒక లెటర్ ఇస్తే సరిపోతుంది కదా అని పోయిన నెల పనంతా పక్కన పెట్టి హైదరాబాద్ పోయా. ఎగ్జామ్ బ్రాంచి కౌంటర్లో పిలగాడు నా మెమో అటూ ఇటూ తిప్పి, "లేటరల్ ఎంట్రీ అని దీని మీదనే ఉంది కదన్నా" అన్నాడు. ఉంది తమ్మీ, ఆ ముక్కకు అర్థం సీదా సెకండియర్‌లో చేరడమని అమెరికావాళ్ళకు తెలవాలి కదా, రెండు లైన్లు రాసి ముద్ర వేసియ్యండి అన్నా. "దానికి ఫార్మాట్ లేదన్నా." లంచ్ తర్వాత సారు వస్తాడు, అడగమన్నాడు. లంచ్ తర్వాత సారు మీటింగ్‌లో ఉన్నాడు. మీటింగ్ తర్వాత సారు లేడు. ఆ రోజు సాయంత్రం దిల్‌సుఖ్‌నగర్‌లో మిర్యాలగూడ బస్సెక్కినప్పుడు నా ముఖం ఎట్లుందో మా ఆవిడ మీకు బాగా చెప్పగలదు. చిన్నోడు హోంవర్కు చూపించడానికి కూడా దగ్గరికి రాలేదు.

దీని మీద మా బామ్మర్ది ఒకడు. "ఏడాది కష్టపడి చివరికి సర్టిఫికెటా బావా? అదేదో ఎంటెక్కే చేయరాదు?" అంటాడు. గ్రాడ్యుయేట్ సర్టిఫికెట్ అంటే టైపింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో ఇచ్చే కాయితం కాదని ఎన్నిసార్లు చెప్పాలో. డిగ్రీ ఉన్నవాళ్ళకే సీటు. నాలుగు కోర్సులు, 12 క్రెడిట్లు, థీసిస్ లేదు. రేపు ఓపికుంటే ఆ క్రెడిట్లను మాస్టర్స్‌లో కలుపుకోవచ్చు. మిల్లుల్లో పీఎల్‌సీ (యంత్రాలను నడిపించే చిన్న కంప్యూటర్) ప్యానెళ్ళు చూసుకుంటూ బతికేవాడికి ఇంతకన్నా కుదిరే చదువు ఏముంది? పైగా అది ఇంజినీరింగ్ టెక్నాలజీ. అక్కడ ఇంజినీరింగ్ వేరు, ఇంజినీరింగ్ టెక్నాలజీ వేరు. గుర్తింపు ఇచ్చే ఏబెట్ సంస్థలో కూడా రెండింటికీ విడివిడిగా కమిషన్లున్నాయి. టెక్నాలజీ అంటే చేత్తో చేసేవాళ్ళ వైపు. మరి చేత్తో చేయడం నేను నేర్చుకున్నదే ఆ మూడేళ్ళలో. వాళ్ళ ఫారంలో గడి లేనిదీ దానికే!

నల్లగొండ పాలిటెక్నిక్‌లో ఫిట్టింగ్ షాపు గుర్తొచ్చింది. ఇనుప ముక్కను హ్యాక్సాతో కోసి, ఆకురాయి పట్టి రాకి రాకి నాలుగు పక్కలూ తిన్నగా తేవాలి. సారు మూల తిన్నగా ఉందో చూసే ట్రై స్క్వేర్ ఆనించి కిటికీ వైపు ఎత్తి చూసేవాడు. సందులోంచి సన్నగా వెలుతురు కనబడితే చాలు, ముక్క మళ్ళీ మన చేతికే. "మళ్ళా రాకు." అరచేతులు బొబ్బలెక్కి అన్నం కలపడానికి కూడా వచ్చేది కాదు. మా బ్యాచ్‌లో హుజూర్‌నగర్ పిలగాడొకడు విసుగొచ్చి, రజను గ్రీజులో కలిపి అంచుకు పూసి పట్టుకొచ్చాడు. వెలుతురు చుక్క కూడా రాలేదు. సారు సంబరంగా చూసి, బొటనవేలితో అంచు తుడిచి, ఆ గ్రీజు వాడి చొక్కాకే పూశాడు. షాపంతా నవ్వులే నవ్వులు. వాడిప్పుడు వాడపల్లి వైపు సిమెంటు ఫ్యాక్టరీలో మెకానికల్ మెయింటెనెన్స్‌లో ఉన్నాడు, మంచి పనోడని పేరు. నాయినకు ఈ కథ చెబితే ఆయన నవ్వలేదు. "ఫీజు కట్టేది రాకుడుకా?" అన్నాడు.

అయితే ఒకటి. ఇంతసేపు వాళ్ళను తిట్టుకున్నా కానీ, నాకు నిజంగానే ఒక ఏడాది ఖాళీ ఉంది. ఫస్టియర్ మ్యాథ్స్. ఈసెట్‌లో వచ్చినోళ్ళందరం సెకండియర్‌లో అవస్థ పడింది అక్కడే. ఇంటర్ ఎంపీసీ మీదుగా వచ్చినవాళ్ళు లాప్లాస్ లెక్కలను తాపీగా చేసుకుపోతుంటే మేం ల్యాబులో మాత్రమే తలెత్తేవాళ్ళం. ఇప్పుడు యంత్రాలను అదుపులో పెట్టడం నేర్పే కంట్రోల్స్ క్లాసులోనూ అంతే, ట్రాన్స్‌ఫర్ ఫంక్షన్ అనే లెక్క బోర్డు మీదికి రాగానే మళ్ళీ వెనక బెంచీ. వాళ్ళు అడిగింది ఆ మ్యాథ్స్ గురించే అయితే అడగాల్సిందే. కానీ మెయిలులో మ్యాథ్స్ అన్న మాట లేదు. కాయితం అడిగారు, అంతే.

మొన్న ఆ ఉప్పుడు బియ్యం మిల్లులో పని మాత్రం బాగా కుదిరింది. వడ్లు నానబెట్టే నీళ్ళు 70 డిగ్రీల దగ్గర ఉండాలి, స్టీమ్ వాల్వు ఏమో తెరుచుకుంటూ మూసుకుంటూ ఊగుతూనే ఉంది. జీగ్లర్, నికల్స్ అని ఇద్దరు 1942లోనే పద్ధతి చెప్పారు. గెయిన్‌ను, అంటే తేడా వస్తే కంట్రోలర్ ఎంత గట్టిగా సరిచేయాలో చెప్పే అంకెను, పెంచుకుంటూ పోయి, ఊగడం ఒకే తీరుగా నిలబడ్డ చోట ఆ గెయిన్‌నూ ఊగే సమయాన్నీ పట్టుకుని, వాటి నుంచి సెట్టింగులు లెక్క కట్టడం. క్లాసులో విన్నదే. కట్టి పెట్టా, వాటిలో డెరివేటివ్ అనే సెట్టింగు కొంచెం తగ్గించా, వాల్వు కుదురుకుంది. ఓనరు చాయ్ తెప్పించాడు.

మా ప్రొఫెసర్‌కు పీఎల్‌సీ కథ అంటే ఇష్టం. 1968లో డిక్ మోర్లీ దాన్ని ఊహించి, ఆ తర్వాత మోడికాన్ 084 అనే పీఎల్‌సీ తెచ్చారు. దానికి ప్రోగ్రాం రాసే లాడర్ లాజిక్ కూడా రిలే వైరింగ్ బొమ్మలు చదివే ఎలక్ట్రీషియన్లకు తెలిసేట్టు గీసిందే. అంటే మా బోటివాళ్ళ కోసమే. ఈయనకు ఒక మెయిలు రాస్తే ఆఫీసువాళ్ళకు చెబుతాడా? చెప్పొచ్చు. లేదూ, ఆఫీసువాళ్ళనే అడగమని తిప్పి పంపొచ్చు.

హైదరాబాద్ మళ్ళీ పోను. అది మాత్రం ఖాయం. ఇందాక ఇనుప బీరువాలోంచి డిప్లొమా మెమోలన్నీ తీసి స్కాన్ చేశా. వర్క్‌షాప్ మార్కులున్న మెమో మొదట పెట్టి, అన్నీ కలిపి ఒకే ఫైలుగా ఫస్టియర్ అన్న గడిలోనే ఎక్కించా. ఆ సైటు తీసుకుంది. చూస్తారో, తిప్పి కొడతారో. ఆదివారం బామ్మర్ది వస్తున్నాడట, వాడికి ఈ సంగతి చెప్పొద్దని మా ఆవిడకు గట్టిగా చెప్పా.