మా ఇంటి టేకు టీపాయ్

పిల్లలున్న ఇంటికి గాజు పలక టీపాయ్ పనికిరాదని నా గట్టి అభిప్రాయం. మా ఇంట్లో దాని మీద కాఫీ గ్లాసులే కాదు, హోంవర్కు పుస్తకాలు, చిక్కుడుకాయలు ఒలిచే చాట, అప్పుడప్పుడు మా చిన్నవాడు కూడా ఉంటారు కాబట్టి, మనిషి బరువు మోసేలా నేనే బొమ్మ గీసి, వడ్రంగి మేస్త్రి పక్కన నిలబడి టేకుతో చేయించాను.

సోఫా సీటు 17 అంగుళాల ఎత్తు గనుక టీపాయ్ ఎత్తు 16, పొడవు 42, వెడల్పు 22 అంగుళాలుగా నిర్ణయించాను. టింబరు డిపోలో చేవ ఉన్న చెక్కనే ఏరుకున్నాం. అంచున తెల్లగా కనిపించే భాగానికి చెదలు తొందరగా పడతాయి.

అసలు బలం అతుకుల్లో ఉంటుంది. కాలిలో ఉలితో చదరంగా తొలిచి, అడ్డపట్టె చివరను అందులో బిగుతుగా దిగేలా చెక్కి, జిగురు రాసి, క్లాంపులతో రాత్రంతా బిగించి ఉంచితే మేకుల అవసరమే రాదు. సుత్తితో చిన్నగా తడుతున్న మేస్త్రి, దెబ్బ శబ్దం మారగానే "కూర్చుంది సార్" అన్నారు.

పైపలకను మాత్రం చట్రానికి జిగురుతో అంటించకూడదు. చెక్క వానాకాలంలో తేమ పీల్చి వెడల్పులో ఉబ్బుతుంది, వేసవిలో కుంచించుకుపోతుంది. పొడవులో ఆ మార్పు లెక్కలోకి రానంత స్వల్పం. అందుకే చట్రంలోని స్క్రూ రంధ్రాలను వెడల్పు దిశగా కోలగా తొలిపించి, పలక కదలడానికి చోటిచ్చాం. లేకపోతే అది పగిలే ప్రమాదముంది.

లక్క పాలిష్ అందమైనదే కానీ, వేడి గ్లాసు పెడితే తెల్లని వలయం పడుతుంది. కాఫీ తాగే ఇంట్లో పాలీయూరిథేన్ పూతే నయమనిపించి, అదే వేయించాను.