నో రోస్ సెలెక్టెడ్

చిన్నదానికి జ్వరం దిగింది. సాయంత్రం పెరుగన్నం అడిగి మరీ తింది. ఆ సంతోషమే రాద్దామని కూర్చున్నాను గానీ మనసు ఆఫీసులోనే ఉంది.

మా టీమ్‌కి కొత్త ఈఆర్‌పీ వస్తోంది, అంటే కంపెనీ లెక్కలూ జీతాలూ అన్నీ నడిపే సాఫ్ట్‌వేర్: ఒరాకిల్ ఈ-బిజినెస్ సూట్. ఇన్‌స్టాల్ చేసినవాళ్ళు ఇవాళ హ్యాండోవర్ కాల్‌లో డిఫాల్ట్ పాస్‌వర్డ్‌లు, అంటే సాఫ్ట్‌వేర్‌తోపాటే వచ్చే అందరికీ తెలిసినవి, పట్టిచ్చే క్వెరీ రన్ చేశారు. 11జీ వెర్షన్ నుంచి ఒరాకిల్ డేటాబేస్‌లో దానికోసం ఒక వ్యూ, అంటే సిద్ధంగా ఉండే పట్టికలాంటిది, ఉంది. ఏ యూజర్‌కి ఇంకా పాత డిఫాల్టే ఉందో చెప్పేస్తుంది. 'నో రోస్ సెలెక్టెడ్' అని వచ్చింది, అంటే ఒక్కటీ దొరకలేదని. "అన్నీ మార్చేశాం మేడమ్" అన్నాడా అబ్బాయి. అందరూ థ్యాంక్స్ చెప్పుకుని కాల్ కట్ చేశారు.

తర్వాత పాస్‌వర్డ్‌ల ఎక్సెల్ వచ్చింది, మామూలు మెయిల్‌లో. ఫైల్‌కి లాక్ కూడా లేదు. సీసీలో ప్రాజెక్టు వదిలేసినవాళ్ళు కూడా ఉన్నారు. తెరిస్తే ఆప్స్ (అప్లికేషన్ మొత్తానికి), సిస్టమ్ (డేటాబేస్ అడ్మిన్), జీఎల్ (ఖాతాలు), ఏపీ (చెల్లింపులు), ఈ యూజర్లన్నిటికీ ఒకటే పాస్‌వర్డ్: కంపెనీ పేరు, ఎట్ గుర్తు, ఈ సంవత్సరం.

ఇది మార్చడమా? ఆ వ్యూ పోల్చేది ఒరాకిల్‌కి తెలిసిన డిఫాల్ట్‌లతోనే. మా కంపెనీ పేరు దానికి తెలియదు. ఆప్స్‌కి పాస్‌వర్డ్ కూడా ఆప్స్ అనే ఉంటే ఇవాళే దొరికేది. ఇప్పుడు తనిఖీకి దొరకదు, ఊహించేవాడికి మాత్రం ఇట్టే దొరుకుతుంది. డిఫాల్ట్ వదిలేయడం కన్నా ఇదే ప్రమాదం.

నేను ఒరాకిల్ నేర్చుకున్న హైదరాబాద్ అమీర్‌పేట గుర్తొచ్చింది. మైత్రీవనం వెనక సందులో, మెట్ల మీద కూడా జనం ఉండే ఇన్‌స్టిట్యూట్. సార్ మొదటిరోజే బోర్డు మీద యూజర్ స్కాట్, పాస్‌వర్డ్ టైగర్ అని రాశారు. కింద సిస్టమ్, మేనేజర్. స్పైరల్ నోట్సులో ఎక్కించేసుకున్నాం. బ్రూస్ స్కాట్ అనే ఒరాకిల్ తొలినాటి ఉద్యోగి పేరు మీద ఆ యూజర్ వచ్చిందనీ, టైగర్ వాళ్ళింటి పిల్లి అనీ చెప్పారు. పిల్లి కథ క్లాసంతటికీ గుర్తుండిపోయింది. అభ్యాసానికిచ్చే ఈఎంపీ (ఉద్యోగుల) టేబుల్లో 14 వరసలు, మేనేజర్ లేని కింగ్, జాయిన్లు, సబ్‌క్వెరీలు. ఇంటర్వ్యూలకి అవే కావాలి. పాస్‌వర్డ్ ఎలా మార్చాలో సార్ చెప్పలేదు, ఎవరూ అడగలేదు. అక్కడ చదివినవాళ్ళే ఇప్పుడు ఊరూరా ఇన్‌స్టాలేషన్‌లు చేస్తున్నారు.

రాస్తూ ఉంటే ఆ అబ్బాయి మీద కోపం తగ్గుతోంది. అతనికిచ్చిన చెక్‌లిస్టులో క్వెరీ ఖాళీగా రావాలని ఉంది, ఖాళీగా తెచ్చాడు. పైగా ఆప్స్ పాస్‌వర్డ్ మార్చడం చిన్న పని కాదు. అప్లికేషన్ సర్వీసులన్నీ ఆపాలి, సెట్టింగులు తిరగరాసే ఆటోకాన్ఫిగ్ నడపాలి, ఈ-బిజినెస్ సూట్ 12.2 అయితే వెబ్‌లాజిక్ సర్వర్ డేటాబేస్‌కి కలిసే డేటాసోర్సులోనూ మార్చాలి. గో-లైవ్ వారంలో అంత డౌన్‌టైమ్ ఎవరిస్తారు?

కానీ సిస్టమ్ పాస్‌వర్డ్‌కి ఏ డౌన్‌టైమూ అక్కర్లేదే! ఎస్‌క్యూఎల్ ప్లస్‌లో, అంటే డేటాబేస్‌కి కమాండ్‌లు ఇచ్చే తెరలో, పాస్‌వర్డ్ అని కొడితే కొత్తది అడుగుతుంది, టైప్ చేసింది తెరమీద కనబడదు. నిమిషం పని. అది కూడా సరిగ్గా చేయలేదంటే ఏమనుకోవాలి? అది సాయంత్రమే నేను మార్చేశాను. ఇరవై అక్షరాలు, పాస్‌వర్డ్‌లు భద్రంగా దాచే వాల్ట్‌లో తప్ప ఎక్కడా లేదు.

మిగతావాటికి శనివారం రాత్రి డౌన్‌టైమ్ అడిగాను. పాస్‌వర్డ్‌లు మార్చే ఒరాకిల్ టూల్స్ రెండిట్లో ఎఫ్‌ఎన్‌డీసీపాస్ వద్దు, ఏఎఫ్‌పాస్‌వర్డ్ వాడదామని కూడా రాశాను. మొదటిదాంట్లో పాస్‌వర్డ్‌లు కమాండ్‌తోపాటే ఇవ్వాలి, పీఎస్ కొట్టి నడుస్తున్న ప్రోగ్రాముల జాబితా చూసినవాళ్ళకీ, షెల్ హిస్టరీలో పాత కమాండ్‌లు చూసినవాళ్ళకీ కొత్తది కూడా తెలిసిపోతుంది. రెండోది విడిగా అడుగుతుంది.

"మంత్ ఎండ్ అయ్యాక చూద్దాం" అని మేనేజర్ గారి జవాబు. జీతాలూ, వెండర్ల చెల్లింపులూ నడిచేది మంత్ ఎండ్‌లోనే. ఆ పాస్‌వర్డ్‌తో అవి జరగనివ్వడం నాకు ఇష్టం లేదు. పొద్దున్నే ఫోన్ చేసి మళ్ళీ అడుగుతాను.