బేత్లెహేము గుహలో చెల్లించిన మ్రొక్కుబడి

నా మనవరాలు నెలలు నిండకముందే పుట్టింది. ఇంక్యుబేటరులో, ఒంటినిండా గొట్టాలతో పడుకుని ఉన్న ఆ బిడ్డను తాకడానికి కూడా మాకు అనుమతి లేని రోజులలో, ఈ పసిప్రాణం నిలబడితే ప్రభువు పసిబిడ్డగా పరుండిన చోటికి వెళ్ళి మోకరించి స్తోత్రం చెల్లిస్తానని మ్రొక్కుకున్నాను. ప్రభువు ఆలకించాడు. ఆ పిల్ల ఇప్పుడు ఇల్లంతా తిరుగుతూ చేతికందిన ప్రతి వస్తువునూ క్రింద పడవేస్తోంది. మోకాళ్ళు అరిగిపోయిన ఈ వయసులో అంత దూరం ఎందుకని ఇంట్లోవాళ్ళు వారించినా వినక, మా సంఘం వారు పరిశుద్ధ దేశ యాత్రకు బయలుదేరుతున్నారని తెలిసిన వెంటనే నా పేరు ఇచ్చాను. తిరిగివచ్చి ఇంకా పెట్టెలు కూడా సర్దలేదు; మనసులోని వేడి ఆరకముందే వ్రాసుకోవాలని కూర్చున్నాను.

విమానాలు, వీసాల సంగతి వెళ్ళివచ్చినవారందరూ చెప్పేదే కనుక వదిలివేస్తున్నాను. యెరూషలేము నుండి దక్షిణంగా బేత్లెహేముకు పట్టుమని పది కిలోమీటర్లు ఉండదు. అయినా ఆ కొద్ది దూరంలోనే ఎత్తైన కాంక్రీటు గోడను, తుపాకులు పట్టిన సైనికులను, వాహనాలను నిలిపి చూసే తనిఖీ కేంద్రాన్ని దాటాలి. కైసరు ఔగుస్తు ఆజ్ఞ మేరకు ప్రజాసంఖ్యలో పేరు వ్రాయించుకోవడానికి యోసేపు గర్భవతియైన మరియను వెంటబెట్టుకుని నజరేతు నుండి ఈ ఊరికి వచ్చాడని లూకా సువార్త చెబుతుంది. ప్రభుత్వపు లెక్కలకు, కాగితాలకు లోబడి ప్రయాణించే అవస్థ బేత్లెహేముకు కొత్తది కాదని బస్సులో కూర్చుని అనుకున్నాను.

మేంజర్ స్క్వేర్‌లో దిగితే ఒక వైపు ఒమర్ మసీదు, దానికి ఎదురుగా కోటగోడలాంటి రాతి కట్టడం. అదే ప్రభువు జన్మస్థలం మీద కట్టిన నేటివిటీ ఆలయం. దాని ద్వారం ఎత్తు సుమారు నాలుగడుగులే. గుర్రాలను, బండ్లను లోపలికి తోలకుండా ఒట్టోమన్ల కాలంలో పాత ద్వారాన్ని రాళ్ళతో పూడ్చి చిన్నది చేశారని చెబుతారు. పూడ్చిన వంపు ఆనవాళ్ళు పైన ఇప్పటికీ కనిపిస్తాయి. దీనిని వినయ ద్వారం అంటారు, నడుము వంచకుండా ఎవరూ లోపలికి పోలేరు. ఈ ద్వారం గురించి ప్రసంగాలలో ఎంతో విన్నాను గానీ, వెనుకనున్న పెద్దమనిషి తన వీపుసంచితో నన్ను ముందుకు నెడుతుంటే వినయాన్ని ధ్యానించే వ్యవధి ఎక్కడిది? తల రాతికి తగలకుండా కాపాడుకోవడమే సరిపోయింది.

లోపల మాత్రం ఒక్కసారిగా చోటు విశాలమవుతుంది. నాలుగు వరుసలుగా నిలిచిన ఎర్రని రాతి స్తంభాలు, వాటి మీద మసకబారిన పరిశుద్ధుల చిత్రాలు, పైన దూలాల కప్పు. కాన్‌స్టంటైన్ చక్రవర్తి, ఆయన తల్లి హెలెనా పూనికతో ఇక్కడ కట్టిన మొదటి ఆలయం 339లో ప్రతిష్ఠ అయింది. అది కాలిపోయాక 6వ శతాబ్దంలో జస్టినియన్ చక్రవర్తి కాలంలో మళ్ళీ కట్టిన ఆలయంలోనే నేడు మనం నిలబడేది. నేలమీద తెరిచి ఉంచిన చెక్క పలకల క్రింద కాన్‌స్టంటైన్ నాటి మొజాయిక్ నేల కనిపించింది. 614లో పర్షియా సైన్యం దేశంలోని ఆలయాలను ధ్వంసం చేస్తూ వచ్చి, ఇక్కడ చిత్రించిన తూర్పు దేశపు జ్ఞానులు తమ దేశపు దుస్తులలో ఉండడం చూసి దీనిని విడిచిపెట్టిందని ఒక కథ. నిజమైనా కాకపోయినా నాకు ఇష్టమైన కథ.

గుహలోనికి దిగే వరుస ఆలయం సగం దాకా వచ్చింది. దానిని వరుస అనడం కూడా మర్యాదే. కర్రకు కట్టిన జెండాలు పట్టుకుని నడిపించే గైడ్లు, వాళ్ళ వెనుక తోసుకుంటూ బృందాలు, స్తంభాల చాటు నుండి వచ్చి మధ్యలో దూరిపోయేవారు, తలల మీదుగా ఫోను ఎత్తి ప్రతి అంగుళాన్నీ వీడియో తీసేవారు. ప్రార్థన చేద్దామని కళ్ళు మూసుకుంటే ఎవరిదో మోచేయి తగులుతుంది. నాకు కోపం వచ్చిందని ఒప్పుకోవడానికి వెనుకాడను. అంత పవిత్ర స్థలంలో ఆ కేకలేమిటి?

మా బృందంలో ఇంజనీరింగు చదివిన ఒక అబ్బాయి ఉన్నాడు. నేను చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైనదాన్నని తెలిసి, వరుసలో నా పక్కకు వచ్చాడు. "టీచర్ గారూ, డిసెంబరు 25 అసలు రోమా వాళ్ళ సూర్యుడి పండుగ అటండీ. మన వాళ్ళు దానిని తెచ్చి క్రిస్మస్ అని పేరు పెట్టారట. మరి మనం ఇంత దూరం ఎందుకు వచ్చినట్టు?" అన్నాడు. కదలని వరుసలో నాకూ చెప్పడానికి కావలసినంత తీరిక దొరికింది.

"బాబూ, సువార్తలలో ఎక్కడా తేదీ లేదు, అది ముందు ఒప్పుకోవాలి" అని మొదలుపెట్టాను. మత్తయి, లూకా మాత్రమే జననాన్ని వివరిస్తారు. మార్కు నేరుగా బాప్తిస్మముతో ఆరంభిస్తాడు. తొలి క్రైస్తవులకు ప్రధానమైన పండుగ పునరుత్థానమే. 3వ శతాబ్దంలో ఓరిగెన్ అనే పండితుడైతే, లేఖనాలలో పుట్టినరోజు వేడుక చేసుకున్నవారు ఫరో, హేరోదు వంటి పాపులే తప్ప పరిశుద్ధులు కాదని ఎత్తిచూపాడు. దాదాపు క్రీ.శ. 200లో అలెగ్జాండ్రియాలోని క్లెమెంట్ అనే మరో పండితుడు తన కాలంలో కొందరు లెక్కవేసిన తేదీలను పేర్కొన్నాడు. వాటిలో మే నెలలో పడేది కూడా ఒకటి ఉంది. డిసెంబరు 25న క్రీస్తు బేత్లెహేములో పుట్టాడన్న నమోదు మనకు మొదట కనిపించేది రోములో 354లో కూర్చిన ఒక పంచాంగంలో. అందులోని ఆ జాబితా 336 నాటిదని పండితుల అభిప్రాయం.

సూర్యుడి సంగతీ అబద్ధం కాదు. ఔరేలియన్ చక్రవర్తి 274లో అజేయ సూర్యునికి రోములో గుడి కట్టించాడు. విచిత్రమేమిటంటే, ఆ దేవుని పుట్టినరోజుగా డిసెంబరు 25ను పేర్కొన్న తొలి ఆధారం కూడా అదే 354 పంచాంగం. అందువలన ఎవరు ఎవరి దగ్గర తీసుకున్నారో దానిని బట్టి తేల్చలేం. ఇంకొక వివరణ ఉంది. ప్రభువు సిలువ మరణం మార్చి 25న జరిగిందని పశ్చిమాన లెక్కవేసుకున్నారు. ఆయన గర్భాన పడిన దినమూ అదేనని నమ్మారు. అక్కడి నుండి తొమ్మిది నెలలు లెక్కపెడితే డిసెంబరు 25 వస్తుంది. తూర్పున ఆ మరణ దినాన్ని ఏప్రిల్ 6గా లెక్కించినవారికి జనవరి 6 వచ్చింది. ఒకే సూత్రంతో రెండు తేదీలూ కుదురుతున్నాయి గనుక నాకు ఈ వివరణే ఎక్కువ బలమైనదిగా తోస్తుంది. మలాకీ ప్రవచించిన నీతిసూర్యుడు క్రీస్తేనని చెప్పుకున్న సంఘం, చలికాలంలో పగలు పెరగడం మొదలయ్యే రోజులలో ఆ పండుగ రావడాన్ని సంతోషంగా వాడుకుందన్నది మాత్రం నిజం.

"అయితే ఇక్కడి వాళ్ళు?" అని అడిగాడు అబ్బాయి. అదే ఈ ఊరి విశేషం. 386లో తూర్పుననున్న అంతియొకయ నగరంలో ప్రసంగిస్తూ క్రిసోస్తము అనే బోధకుడు, డిసెంబరు 25 పండుగ తమకు తెలిసి ఇంకా పదేళ్ళయినా కాలేదని చెప్పాడు. అంటే పశ్చిమం నుండి తూర్పుకు మెల్లగా నడిచివచ్చిన తేదీ అది. ఈ ఆలయంలో కాథలిక్కులకు డిసెంబరు 25న క్రిస్మస్. గ్రీకు ఆర్థొడాక్స్ వారికీ డిసెంబరు 25నే గానీ, పాత జూలియన్ క్యాలెండరు ప్రకారం కనుక మన లెక్కలో జనవరి 7. ఆర్మేనియన్లు జనవరి 6నే పట్టుకుని ఉన్నారు, పాత క్యాలెండరులో అది మన జనవరి 19. ఒకే గుహ, మూడు క్రిస్మసులు. ఇక సంవత్సరం అంటావా, హేరోదు క్రీ.పూ. 4లో మరణించాడని సాధారణంగా అంగీకరిస్తారు. ఆయన బ్రతికి ఉండగానే యేసు పుట్టాడని మత్తయి చెబుతున్నాడు కనుక, మన శకాన్ని 6వ శతాబ్దంలో లెక్కకట్టిన డయొనీసియస్ అనే సన్యాసి కొన్నేళ్ళు తప్పాడన్నమాట.

ఇంతలో వరుసను పూర్తిగా ఆపివేశారు. ఫ్రాన్సిస్కన్ సన్యాసులు ప్రతిరోజూ మధ్యాహ్నం వేళ ఊరేగింపుగా గుహలోనికి వెళతారు; వారు తిరిగి బయటికి వచ్చేవరకు ఎవరూ దిగకూడదు. గోధుమరంగు అంగీలతో పాడుతూ వెళ్ళిన వారిని చూస్తూ, 1223లో ఇటలీలోని గ్రెచ్చో గ్రామంలో వారి గురువు ఫ్రాన్సిస్ నిజమైన ఎద్దును, గాడిదను, గడ్డి తొట్టిని తెప్పించి క్రిస్మస్ ఆరాధన జరిపించిన సంగతి తలచుకున్నాను. పేదలకు ఆ రాత్రి కళ్ళకు కట్టాలని ఆయన తపన. కానీ నిలబడి నిలబడి నా కుడి మోకాలు వాచిపోయింది. స్తంభం అడుగున కాసేపు కూర్చోబోతే కాపలాదారు గట్టిగా అదిలించాడు.

అప్పుడు నా వెనుకనున్న స్త్రీ నా మోచేయి క్రింద చేయి వేసింది. ఫిలిప్పీన్స్ నుండి వచ్చి, ఇక్కడ ఒక వృద్ధురాలిని చూసుకునే పని చేస్తోందట. ఆ రోజు ఆమెకు సెలవు. వచ్చీరాని ఇంగ్లీషులో ఇద్దరం మాట్లాడుకున్నాం. బరువు ఏ కాలి మీద వేయాలో, మెట్లు దిగేటప్పుడు ఏ కాలు ముందు పెట్టాలో ఆమె నాకు చూపించింది. నొప్పి ఉన్న కాలు ముందు, మంచి కాలు తరువాత. అరిగి నున్నబడిన ఆ అర్ధచంద్రాకారపు మెట్ల మీద ఆమె నాకంటే ఒక మెట్టు క్రిందనే, నా వైపు తిరిగి, వెనక్కి నడుస్తూ దిగింది.

గుహ చిన్నది, ఇరుకైనది, పొగబారినది. గోడలకు పాత వస్త్రాలు వ్రేలాడుతున్నాయి. బలిపీఠం క్రింద, తెల్లని పాలరాతిలో పొదిగిన పద్నాలుగు మొనల వెండి నక్షత్రం, దాని మీద యేసుక్రీస్తు ఇక్కడ కన్య మరియకు జన్మించెనని లాటిను అక్షరాలు. పైన పదిహేను దీపాలు, ఆరు గ్రీకులవి, ఐదు ఆర్మేనియన్లవి, నాలుగు కాథలిక్కులవి. 1847లో ఈ నక్షత్రం మాయమైతే రేగిన గొడవ, కొన్నేళ్ళకు వచ్చిన క్రిమియా యుద్ధానికి దారితీసిన తగాదాలలో ఒకటైంది. శాంతి సమాధానాల అధిపతి పుట్టిన చోటున మనుషులు దీపాలు కూడా లెక్కపెట్టుకుని వంతులు వేసుకున్నారు.

నా వంతు వచ్చింది. మోకాళ్ళు వంగవు. ఆమె తన గుడ్డసంచిని మడిచి నేలమీద పరిచి, నా రెండు చంకల క్రింద చేతులు వేసి, ముసలివారిని రోజూ మంచం మీద నుండి లేపి దించే ఆ నేర్పుతో నన్ను మెల్లగా దించింది. నక్షత్రం మధ్యనున్న రంధ్రంలో చేయి పెట్టాను. రాయి చల్లగా, నున్నగా, కొంచెం నూనె జిడ్డుగా ఉంది. ఎన్నో మాటలు సిద్ధం చేసుకుని వెళ్ళినదాన్ని, ఒక్కటీ గుర్తు రాలేదు. గొట్టాల మధ్య మూసుకున్న ఆ చిన్న పిడికిలి మాత్రమే కళ్ళ ముందు నిలిచింది. సమస్తమునూ సృజించినవాడు తానై ఎవరో ఒకరు ఎత్తుకుంటే గాని బ్రతకలేని స్థితికి దిగివచ్చాడు. తల నిలుపుకోలేని శిశువయ్యాడు. ఆయన తన్ను తానే రిక్తునిగా చేసికొనెనని పౌలు ఫిలిప్పీయులకు వ్రాసిన మాటను ఎన్నిసార్లు చదివానో, దాని బరువు నాకు ఇంక్యుబేటరు ముందు కొంత, ఈ రాతి మీద మరికొంత తెలిసింది. "స్తోత్రం ప్రభువా" అన్నాను. అంతే.

కాపలాదారు చప్పట్లు చరుస్తూ తొందరపెట్టాడు. నన్ను లేపడానికి ఆమెకు కాస్త సమయం పట్టింది, నా తరువాత రావలసిన ఆమె వంతు అందులోనే కరిగిపోయింది. వెనుకనున్న బృందం ముందుకు తోసుకువచ్చింది; ఆమె వంగి నక్షత్రాన్ని తాకనే లేదు. అటువైపు మెట్లెక్కి బయటికి వచ్చాక నేను బాధపడుతుంటే, తాను మళ్ళీ రాగలనని చెప్పి నవ్వి, సంచి దులుపుకుని జనంలో కలిసిపోయింది. ఆమె పేరైనా సరిగా వినలేదు.

పక్కనే ఉన్న కేథరిన్ ఆలయం చూశాం. 386 నుండి బేత్లెహేములోనే నివసించి లేఖనాలను లాటినులోనికి అనువదించిన జెరోము గుహకు మరికొన్ని మెట్లు దిగాలన్నారు. నా కాలు ఒప్పుకోలేదు. గైడుకేమో మమ్మల్ని ఒలీవ చెక్క బొమ్మల దుకాణానికి చేర్చాలనే తొందర.

సాయంత్రం బేత్ సహూరులోని గొర్రెల కాపరుల పొలంలో పాస్టర్ గారు లూకా రెండవ అధ్యాయం చదివారు. రక్షకుడు పుట్టాడని చెప్పిన దూత కాపరులకు ఇచ్చిన ఆనవాలు పొత్తిగుడ్డలతో చుట్టిన శిశువు, తొట్టి. డిసెంబరు చలిలో కాపరులు రాత్రివేళ పొలంలో ఉంటారా అని ఆ అబ్బాయి మళ్ళీ అడిగాడు. తేదీ చెప్పని వచనంతో తేదీని నిరూపించలేం, కొట్టివేయనూలేం అన్నాను. తరువాత సాక్ష్యం చెప్పమంటే లేచి నా మనవరాలి సంగతి చెప్పాను, వాడూ అందరితోపాటు ఆమెన్ అన్నాడు.

వెళ్ళదలచినవారికి ఒక్క మాట. మోకాళ్ళ నొప్పులున్నవారు ఆలయం తెరిచే వేళకే చేరుకోండి, మధ్యాహ్నం ఊరేగింపు దాకా ఆగవద్దు. డిసెంబరు 24 అర్ధరాత్రి ఆరాధనకు కేథరిన్ ఆలయంలో ముందుగా టికెట్టు తీసుకోనిదే చోటు దొరకదు. ఆ తాకిడికి ఓర్చుకోలేననుకుంటే జనవరి 7కో, 19కో వెళ్ళండి. అక్కడ అప్పుడూ క్రిస్మసే.