రెడ్ లైట్ థెరపీ కోసం విశాఖ వెళ్లాను: నా అనుభవం

నిన్న సాయంత్రం నా ఖాతాలో 12,600 రూపాయలు పడ్డాయి. మూడు నెలల తర్వాత రాత్రి హాయిగా నిద్రపోయాను.

మాది పర్లాకిమిడి. రెండో కాన్పు తర్వాత నా బుగ్గల మీద మంగు వచ్చింది. ముఖం మీద ఎర్ర కాంతి పడేలా చేసే రెడ్ లైట్ థెరపీతో పోతుందని మా తోటికోడలు చెబితే గుణుపురం ప్యాసింజరెక్కి విశాఖలో ఒక క్లినిక్‌కి వెళ్లాను. ప్రయాణం, ఫారం నింపడం అన్నీ సులువుగానే అయిపోయాయి.

తర్వాత కౌన్సిలర్ అమ్మాయి నన్ను హాల్లోనే కూర్చోబెట్టి ఫొటో తీసింది. పదిమంది చూస్తుండగా నా ముఖం గోడ మీది టీవీలో ఇంత పెద్దగా కనిపించింది. “మంగు పడ్డాదమ్మా, ఏటి చెయ్యాల?” అని అడిగాను. “ఇదేం తెలుగు మేడమ్? ఒడిశా తెలుగా?” అని పక్కనున్న అమ్మాయి వైపు చూసి నవ్వింది. ఇద్దరూ నా మాట అలాగే అని చూపించారు. మా అబ్బాయి పక్కనే ఉన్నాడు, తల దించుకున్నాడు. 1936లో మా ఊరు ఒడిశాలో కలిసినా మా ఇంట్లో తెలుగు పోలేదు. వాడుక తెలుగు కోసం పోరాడిన గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పింది మా ఊళ్లోనే. ఈ మాట అప్పుడు నోటికి రాలేదు. సిగ్గుతో, త్వరగా బయటపడాలని 10 సిట్టింగులకు 18,000 కట్టేశాను. డాక్టర్ ముఖం కూడా చూడలేదు.

మూడు సిట్టింగులయ్యేసరికి మంగు ఇంకా ముదిరింది. బరంపురంలో ఒక చర్మ వైద్యురాలి దగ్గరికి పరుగెత్తాను. ఆవిడ ఓపిగ్గా చెప్పారు. 630 నుంచి 660 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం ఉన్న ఎర్ర కాంతి, కణాల్లో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియా అనే భాగాలకు చేరి ఆ తయారీని పెంచుతుందట. సన్నని ముడతలకూ, మొటిమలకూ, పలచబడ్డ జుట్టుకూ కొంత మేలు ఉంటుందట, అదీ నెలల తరబడి వాడితే. మంగు సంగతి వేరు. మన చామనఛాయ చర్మానికి వేడి తగిలినా, కంటికి కనిపించే వెలుగు ఎక్కువైనా మంగు ముదరొచ్చు. “ఆ లైటు వల్లే ముదిరిందని గట్టిగా చెప్పలేను గానీ, మంగుకి నేనైతే అది రాయను” అన్నారు. రంగు కలిపిన సన్‌స్క్రీన్ రాశారు, పొయ్యి సెగ ముఖానికి నేరుగా తగలనివ్వొద్దన్నారు.

తర్వాత కూర్చుని చదివాను. 1967లో హంగేరీలో ఎండ్రే మెస్టర్ అనే డాక్టర్ లేజర్ వల్ల క్యాన్సర్ వస్తుందేమో చూద్దామని ఎలుకల మీద పరీక్షిస్తే, వాటికి గొరిగిన చోట జుట్టు త్వరగా పెరిగిందట. కాంతిలో సత్తా ఉంది, కాదనను. మచ్చ ఏమిటో చూడకుండా ప్యాకేజీ అమ్మినవాళ్ల మీదే నా కోపం. ముందు చర్మ డాక్టర్‌కి చూపించుకోండి. డబ్బు మొత్తం ఒకేసారి కట్టకండి. రసీదు మాత్రం పారేయకండి, నన్ను కాపాడింది అదే.

మిగిలిన ఏడు సిట్టింగుల డబ్బు అడిగితే క్లినిక్‌వాళ్లు ఫోన్ ఎత్తడం మానేశారు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి జరిగిందంతా నా తెలుగులోనే చెప్పాను. అవతలి అమ్మాయి ఒక్క మాట కూడా మళ్లీ చెప్పమనలేదు.