ఏనుగు ఎక్కువున్నా డ్రా

నిన్న రాత్రి నేను రాసుకున్న చెస్ ప్రోగ్రామ్ ఒక ఏనుగు ఎక్కువ పెట్టుకుని కూడా దాన్ని ఎ1 నుంచి ఎ2కి, మళ్లీ ఎ2 నుంచి ఎ1కి తిప్పుతూ కూర్చుంది. అవతల రాజు కూడా రెండు గళ్ల మధ్య పచార్లు. మూడోసారి అదే పొజిషన్, డ్రా. ఒళ్లు మండిపోయింది.

ఇలా అదే పొజిషన్ మళ్లీ రావడాన్ని (రిపిటిషన్) ప్రోగ్రామ్ పట్టుకోవాలి కదా, అందుకే ప్రతి పొజిషన్‌కీ ఒక 64 బిట్ల నంబర్ ఉంటుంది. కంప్యూటర్ శాస్త్రవేత్త జోబ్రిస్ట్ 1970లో చెప్పిన పద్ధతే, ఇప్పటికీ దాదాపు అందరం దాన్నే వాడతాం: ఏ పావు ఏ గడిలో ఉంటే దానికో రాండమ్ నంబర్, అన్నిటినీ కలిపి ఎక్సార్ (బిట్లు వేరైతే 1, ఒకటే అయితే 0 వేసే లెక్క) చేయడమే. పావులు పాత చోటుకి తిరిగొస్తే నంబరూ పాతదే వస్తుంది కాబట్టి, జరిగిన ఎత్తుల నంబర్లలో వెనక్కి వెతికితే రిపిటిషన్ దొరికిపోతుంది. చివరిసారి బంటు కదిలిన చోటో పావు చచ్చిన చోటో ఆగిపోవచ్చు, అంతకు ముందువి ఇక రావు. వంతు కూడా కలవాలి కదా, అందుకే రెండేసి ఎత్తులు దాటుకుంటూ వెళ్తే చాలు.

రూల్ ప్రకారం మూడుసార్లు రావాలి గానీ, సెర్చ్ (ప్రోగ్రామ్ ముందు ఎత్తుల్ని ఊహించి చూడడం) లోపల రెండోసారి రాగానే సున్నా, అంటే డ్రా స్కోరు, ఇచ్చేస్తారు. మొదట్లో ఇదేదో దొంగలెక్క అనుకున్నా. కానీ రెండోసారి వచ్చినప్పుడు వేయడానికి మంచి ఎత్తంటూ ఉంటే మొదటిసారే వేసేవాడు కదా! ఆటలో నిజంగా జరిగిపోయిన పొజిషన్లకి మాత్రం మూడూ లెక్కపెడతాను.

ఇదంతా నా కోడ్‌లో ఉంది. మరి డ్రా ఎందుకైందంటే, హాష్ టేబుల్‌ని (ఇంతకుముందు లెక్కేసిన పొజిషన్ల స్కోర్లు దాచుకునే పట్టిక) ముందు చూసి, రిపిటిషన్ తర్వాత చూశాను. ఆ పొజిషన్ ఎన్నిసార్లు వచ్చిందో టేబుల్‌కేం తెలుసు? ఏనుగు ఎక్కువుంది, ప్లస్ 5 (ఏనుగంటే ఐదు బంట్ల విలువ) అంది, నా ప్రోగ్రామ్ గుడ్డిగా నమ్మేసింది. కోడ్‌లో ఆ రెండు ముక్కల్నీ అటూఇటూ మార్చా, అంతే, ఏనుగు దారిలో పడింది.

పూర్తిగా తీరిందా అంటే లేదు. ఒక దారిలో రిపిటిషన్ వల్ల వచ్చిన సున్నా టేబుల్లోకెక్కి, వేరే దారిలో అదే పొజిషన్‌కి వచ్చినప్పుడు కూడా సున్నా అంటుంది. దీనికి గ్రాఫ్ హిస్టరీ ఇంటరాక్షన్ అని పెద్ద పేరే ఉంది, చాలామంది సర్దుకుపోతారు, నేనూ అంతే. ఎన్ పాసాంట్ (రెండు గళ్లు దూకిన బంటుని, అది దాటిన గడిలోకి వచ్చి పక్క బంటు కొట్టే రూల్) గొడవ మాత్రం ఈ ఆదివారం చూడాలి: కొట్టే బంటే లేకపోయినా ఆ గడిని నంబర్‌లో కలుపుతున్నాను, దాంతో ఒకటే పొజిషన్ రెండుగా కనిపిస్తోంది.